ఇరవయ్యో స్థానం గురించి

సభకు నమస్కారం. మాతృభాషా దినోత్సవం కదా, తెలుగు గొప్పతనం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. ఆ గొప్పతనం మీకు తెలియనిది కాదు. అందుకని ఈ పూట బ్రిటన్‌లోని వేల్స్ గురించి, అక్కడి వెల్ష్ భాష గురించి మాట్లాడతాను.

2018 నవంబరు 25న బెలారస్ రాజధాని మిన్స్క్‌లో జూనియర్ యూరోవిజన్ పోటీ జరిగింది. 9 నుంచి 14 ఏళ్ల లోపు పిల్లలు తమ దేశం తరఫున పాడే పోటీ అది. ఆ ఏడాది 20 దేశాలు వచ్చాయి. పోలండ్ గెలిచింది. మొదటిసారి బరిలోకి దిగిన వేల్స్‌కు ఇరవయ్యో స్థానం దక్కింది, అంటే అందరికన్నా ఆఖరు. మానూ అనే అమ్మాయి 'పెర్టా' అనే పాటను వెల్ష్ భాషలో పాడింది. నాకు ఆ ఇరవయ్యో స్థానం మీద చాలా గౌరవం. ఎందుకో చెబుతాను.

పంతొమ్మిదో శతాబ్దంలో వేల్స్‌లోని చాలా బడుల్లో 'వెల్ష్ నాట్' అనే ఒక చెక్కముక్క ఉండేది. దానిమీద అక్షరాలు చెక్కి, తాడు కట్టి, వెల్ష్‌లో మాట్లాడిన పిల్లవాడి మెడలో వేసేవారు. వాడు దాన్ని వదిలించుకోవాలంటే వెల్ష్‌లో మాట్లాడే ఇంకో పిల్లవాణ్ణి పట్టివ్వాలి. బడి వదిలే వేళకు అది ఎవరి మెడలో ఉంటే వాళ్లకు బెత్తం దెబ్బలు. దెబ్బలు సరే, తోటి పిల్లవాడు ఏ భాషలో మాట్లాడుతున్నాడో చెవి ఒగ్గి వినడం నేర్పారు చూడండి, నాకు దానిమీదే ఎక్కువ కోపం. ఇదెక్కడి పాత కథ అనుకోకండి. 2009లో మన కడప జిల్లా మైదుకూరులో తెలుగు మాట్లాడారని పిల్లల మెడలో పలకలు వేలాడదీసిన వార్త మనమంతా చదివాం.

బ్రిటన్‌లో భాగమైన వేల్స్ విడిగా ఎలా పాల్గొంది అని మీకు అనుమానం రావచ్చు. యూరోవిజన్‌లో నిజానికి పోటీపడేది ప్రభుత్వాలు కావు, ప్రసార సంస్థలు. వేల్స్‌కు ఎస్ ఫోర్ సి అని సొంత భాషా చానల్ ఉంది. అది ఊరికే రాలేదు. ఇస్తానన్న చానల్‌ను ప్రభుత్వం ఇవ్వనంటే, గ్విన్‌వోర్ ఎవాన్స్ అనే నాయకుడు 1980లో ఆమరణ నిరాహార దీక్షకు దిగుతానని ప్రకటించారు. దీక్ష మొదలయ్యేలోపే ప్రభుత్వం దిగివచ్చింది. పొట్టి శ్రీరాములు గారి విషయంలో అలా జరగలేదన్న బాధ మనకు ఎప్పటికీ ఉంటుంది. 1982 నవంబరులో చానల్ మొదలైంది. మానూను మిన్స్క్‌కు పంపింది ఆ చానలే.

పాడే పిల్లలు కూడా ఉన్నట్టుండి ఊడిపడరు. 1922లో ఇఫాన్ అబ్ ఓవెన్ ఎడ్వర్డ్స్ 'ఇర్ద్' అనే పిల్లల సంఘం పెట్టారు. 1929 నుంచి ఆ సంఘం పిల్లలకు పాటల, పద్యాల, నాట్యాల పోటీలు పెడుతోంది. ముందు ఊళ్లో, తర్వాత ప్రాంతంలో, ఆ తర్వాత దేశమంతటికీ, అన్నీ వెల్ష్‌లోనే. ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడుతూ బడిలో వెల్ష్ నేర్చుకుంటున్న పిల్లలకు విడిగా పోటీలు ఉంటాయి. ఈ ఏర్పాటు నాకు ఎంతగానో నచ్చింది.

2019లో పోలండ్‌లోని గ్లివిట్సెలో 19 దేశాల్లో వేల్స్ 18వది. తర్వాత కోవిడ్ వచ్చింది, వేల్స్ మళ్లీ వెళ్లలేదు. 2022, 2023లో బీబీసీ బ్రిటన్ తరఫున పిల్లలను పంపింది. ఆ పాటలు ఇంగ్లీషువి, స్థానాలు అయిదు, నాలుగు. మంచి ఫలితాలే, కాదనను. కానీ 2021 లెక్కల ప్రకారం వెల్ష్ మాట్లాడేవాళ్లు సుమారు 5,38,000 మంది, అంటే వేల్స్‌లో మూడేళ్లు, ఆపైన వయసున్న జనాభాలో 17.8 శాతమే. 2050కల్లా వాళ్లను పది లక్షలు చేస్తామని అక్కడి ప్రభుత్వం అంటోంది. అలాంటప్పుడు ఎన్నో స్థానం వచ్చినా సరే, ఏటా ఒక పిల్లనో పిల్లవాణ్ణో ఆ వేదిక ఎక్కించాలని నా అభిప్రాయం.

ఎందుకంటే ఆ పోటీలో పాతవి పాడితే కుదరదు. పాట కొత్తది కావాలి, ఎక్కువ భాగం తమ దేశ భాషలో ఉండాలి, మూడు నిమిషాలు దాటకూడదు. అంటే పాల్గొన్న ప్రతిసారీ పిల్లల నోటికి సరిపోయే కొత్త పాట ఒకటి ఆ భాషకు అదనంగా చేరుతుంది. మన టీవీ పోటీల్లో పదేళ్ల పిల్ల పెద్దవాళ్ల ప్రేమపాట పాడుతుంది, చేతిలో కాగితం మీద ఆ తెలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటాయి. ఆ పిల్లను నేను తప్పుపట్టను, దానికి మనం రాసిచ్చింది ఏముంది?

కాబట్టి నిర్వాహకులకు నాదొక విన్నపం. వచ్చే ఏడాది ఈ సభకు శాలువాలు, పూలదండలు మానేద్దాం. ఆ డబ్బుతో ఒక కవి చేత, ఒక సంగీత దర్శకుడి చేత పిల్లలకోసం ఒక కొత్త పాట చేయిద్దాం. నా వంతు చందా ఈ రోజే ఇచ్చి వెళతాను.