లింకులు వచ్చాయి సరే, పేజీ కదిలిందా?

అందరికీ నమస్కారం.

అమీర్‌పేటలో ఎస్‌ఈఓ (సెర్చ్‌లో సైటును పైకి తెచ్చే పని) నేర్చుకున్న వాళ్లెవరిని అడిగినా బ్యాక్‌లింకులు, అంటే వేరే సైట్ల నుంచి మన సైటుకు వచ్చే లింకులు, ఎలా తెచ్చుకోవాలో గడగడా చెప్తారు. తెచ్చుకున్నాక గూగుల్‌లో మన పేజీ నిజంగా కదిలిందా, కదిలితే ఆ లింకు వల్లేనా అంటే తడుముకుంటారు. ఈ సాయంత్రం ఆ సంగతే చూద్దాం.

ముందు ఒక అంకెను పక్కన పెట్టేద్దాం. మోజ్ వాళ్ల డొమైన్ అథారిటీ, అహ్రెఫ్స్ వాళ్ల డొమైన్ రేటింగ్ ఒక సైటు ఎంత బలమైనదో ఆయా కంపెనీలు సొంతంగా కట్టుకున్న అంచనాలు. గూగుల్ వాటిని వాడదు. లింకులను బట్టి పేజీకి తానిచ్చే పేజ్‌ర్యాంక్ అంకెను బయటికి చూపించడం కూడా 2016లోనే మానేసింది. క్లయింటు రిపోర్టులో ఇలాంటి అంకె వేస్తే చూడ్డానికి నిండుగా ఉంటుంది, అంతే.

మనకు కావలసింది సైటు యజమానులకు గూగుల్ ఇచ్చే సాధనం సెర్చ్ కన్సోల్‌లో ఉంది. ఎడమపక్క మెనూలో 'లింక్స్' తెరిచి, ఎక్స్‌పోర్ట్ నొక్కి, 'లేటెస్ట్ లింక్స్'ను షీట్‌లోకి దించుకోండి. లక్ష వరుసల దాకా వస్తాయి. అయినా అది నమూనాయే, పూర్తి జాబితా కాదు. అందులో ఉన్న ప్రతి లింకుకూ గూగుల్ విలువ ఇచ్చినట్టూ కాదు. నోఫాలోలు (ర్యాంకుకు లెక్కవేయొద్దని గుర్తు పెట్టిన లింకులు) కూడా అందులోనే కలిసి ఉంటాయి.

పక్కనుండే తేదీ దగ్గర చాలామంది బోల్తా పడతారు. అది గూగుల్ ఆ పేజీని చివరిసారి చూసిన తేదీ, లింకు పడిన తేదీ కాదు. అందుకని నెలకోసారి దించుకుని, పాతది చెరపకుండా కొత్త ట్యాబ్‌లో పెట్టండి. పోయిన నెల లేనిది ఈ నెల కనిపిస్తే ఆ పేజీ తెరిచి, లింకు కళ్లతో చూశాకే 'కొత్తది' అని రాసుకోండి. అప్పుడే రైట్‌క్లిక్ చేసి, ఇన్‌స్పెక్ట్‌లో ఆ లింకు కోడ్‌లోని రెల్ (rel) దగ్గర నోఫాలో అని ఉందేమో చూడండి. తెలుగు వికీపీడియాలో మీ సైటు లింకు పడిందనుకోండి, సంతోషమే. కానీ అది నోఫాలో. మనుషులను పంపుతుంది గానీ ర్యాంకు కోసం దాని మీద ఆశ పెట్టుకోకండి.

లెక్కపెట్టాల్సింది లింకులను కాదు, డొమైన్లను, అంటే లింకు ఇచ్చిన సైట్లను. ఎవరో తమ సైటులో ప్రతి పేజీ అడుగునా కనిపించే ఫుటర్‌లో మన పేరు వేస్తారు. వాళ్లకు 4,000 పేజీలుంటే 4,000 లింకులు పడతాయి. ఇచ్చింది మాత్రం ఒక్కరే. అడ్రసును స్లాష్‌ల దగ్గర విడగొట్టి, డొమైన్ కాలమ్‌కు యూనిక్ ఫార్ములా (ఒకే పేరును ఒక్కసారే చూపించేది) వేస్తే నిజం బయటపడుతుంది.

ఇక అసలు చిక్కు. లాడ్ బజార్‌లో లక్క గాజుల దుకాణానికి ఒక సైటు ఉందనుకుందాం. గాజుల పేజీకి మూడు మంచి డొమైన్ల నుంచి లింకులొచ్చాయి. సెర్చ్ కన్సోల్ పెర్ఫార్మెన్స్ రిపోర్టులో ఆ ఒక్క పేజీకే ఫిల్టర్ పెట్టి, దుకాణం పేరుతో వెతికినవి తీసేసి, లింకుకు ముందు 28 రోజులనూ, తర్వాత కొన్ని వారాలు ఆగి మరో 28 రోజులనూ పోల్చారు. ఇంప్రెషన్లు, అంటే పేజీ సెర్చ్‌లో కనిపించిన సార్లు, రెట్టింపయ్యాయి. లింకుల మహిమేనా? ఆ రెండో 28 రోజులు రంజాన్‌లో పడితే అవి ఎలాగూ పెరిగేవే. పోనీ నిరుడు ఇవే తేదీలతో పోలుద్దామా అంటే, రంజాన్ ఏటా దాదాపు 11 రోజులు ముందే వచ్చేస్తుంది. కాబట్టి తేదీలను చేత్తో ఎంచుకుని రంజాన్‌ను రంజాన్‌తోనే పోల్చాలి. సెర్చ్ కన్సోల్ 16 నెలల డేటా ఉంచుతుంది గనక నిరుటిది దొరుకుతుంది. ఇంకా గట్టి పరీక్ష కావాలంటే, లింకులేవీ రాని రాళ్ల గాజుల పేజీని పక్కన పెట్టి చూడండి. రెండూ ఒకేలా పెరిగితే అది సీజన్. లక్క గాజులదే పెరిగితే అప్పుడు లింకు గురించి మాట్లాడొచ్చు.

సగటు పొజిషన్‌ను చూసి కంగారు పడొద్దు. 'లక్క గాజులు' అన్న మాటకు 5వ స్థానంలో 100 ఇంప్రెషన్లు ఉన్నాయి. లింకులొచ్చాక పేజీ కొత్తగా 'పెళ్లి గాజులు'కు కూడా 41వ స్థానంలో 100 సార్లు కనిపించింది. సగటు 5 నుంచి 23కు జారుతుంది. పేజీ పడిపోలేదు, విస్తరించింది. అందుకే మాట మాటకూ విడిగా చూడాలి.

తెలుగులో అడ్రసులు పెట్టుకున్న వాళ్లకు మరో తలనొప్పి ఉంది. ప్రతి అక్షరం, ప్రతి గుణింతపు గుర్తు కాపీ చేసినప్పుడు తొమ్మిదేసి క్యారెక్టర్లవుతుంది. 'హైదరాబాద్' ఒక్కటే 81. అంత పొడుగు అడ్రసు ఎక్కడో తెగి అతుక్కుంటుంది, లింకు 404కు ('పేజీ లేదు' అనే జవాబుకు) పోతుంది. సెర్చ్ కన్సోల్‌లో పేజీల ఇండెక్సింగ్ రిపోర్టులో 404ల జాబితా తీసి, తెగిన అడ్రసులను అసలు పేజీకే 301 (శాశ్వత మళ్లింపు) చేయండి. హోమ్‌పేజీకి మళ్లిస్తే గూగుల్ దాన్ని సాఫ్ట్ 404గా, అంటే లేని పేజీ కిందే, తీసుకోవచ్చు. ఆ 301ను కనీసం ఏడాది ఉంచండి.

చెత్త లింకులు కనబడగానే డిసావో ఫైలు (ఈ లింకులను లెక్కలోకి తీసుకోవద్దని గూగుల్‌కు ఇచ్చే జాబితా) పెట్టేవాళ్లున్నారు. 2012లో వచ్చిన ఆ సాధనం మాన్యువల్ యాక్షన్ (గూగుల్ మనుషులు చూసి వేసే శిక్ష) పడ్డప్పుడో, గతంలో లింకులు కొన్నందుకు అది పడేలా ఉన్నప్పుడో వాడేది. ఇంకో మాట, కొత్త ఫైలు ఎక్కిస్తే పాతది పోతుంది. పాత వరుసలు కూడా అందులో కలిపి ఎక్కించండి.