వెళ్తానన్న కొడుకు

సంఘ పెద్దలకు, సేవలో ఉన్న అన్నలకు, అక్కలకు, చెల్లెళ్లకు ప్రభువు పేరిట వందనాలు.

నర్సాపురం కాలువ కింద వ్యవసాయం చేసేవాళ్లు ఈ కూటంలో చాలామంది ఉన్నారు. దాళ్వాలో, అంటే రెండో పంటకు, నీళ్లు తగ్గితే వంతులు పెడతారు కదా. ‘మీ వంతు అయిపోయింది, తూము మూసెయ్యండి’ అంటే ఎగువ రైతు ‘అలాగేనండి’ అంటాడు, మూస్తాడు కూడా. అర్ధరాత్రి టార్చిలైటు పట్టుకెళ్లి మళ్లీ ఎత్తేస్తాడు. అతను చెడ్డవాడు కాదు, అతని చేనూ పొట్ట మీదే ఉంది. కానీ సముద్రం వైపు శివారు చేలు బీటలు తీస్తాయి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిందన్నమాటేగానీ, ఆఖరి ఎకరానికి నీరందాలంటే ఇప్పటికీ ఎగువవాళ్లు ఆ ‘అలాగేనండి’ మీద నిలబడాలి.

మత్తయి సువార్త 21వ అధ్యాయంలో ఇద్దరు కొడుకులున్నారు. తోటలో పనికి వెళ్లమంటే మొదటివాడు పోనన్నాడు, తర్వాత మనసు మార్చుకుని వెళ్లాడు. రెండోవాడు వెళ్తానన్నాడు, వెళ్లలేదు. యేసు ఈ కథ చెప్పింది ఎవరికి? దేవాలయంలో ప్రధాన యాజకులకూ పెద్దలకూ. అంటే మైకు ముందు నిలబడే నాలాంటివాళ్లకు.

నాలుగేళ్ల క్రితం గోదావరి మధ్య ఒక లంకలో సండే స్కూలు చూసుకోమని మన పెద్దలు అడిగారు. వెంటనే ఒప్పుకున్నాను. రెండు వారాలు వెళ్లాను. ఇంతలో గోదావరికి ఎర్రనీరు వచ్చింది, పడవ ఆగింది. వరద తీసింది, పడవ మళ్లీ నడిచింది. నేను మాత్రం వెళ్లలేదు. ఆ ఆదివారాల్లో పెద్ద కూటాలకు పిలుపులొచ్చాయి, వాటినే సేవ అనుకున్నాను. ఎవరైనా గుర్తు చేస్తే ‘ప్రార్థనలో పెడుతున్నానండి’ అనేవాణ్ని. ఆ మాటతో నేను తప్పించుకున్నాను. అలా తప్పించుకున్నవాళ్లు ఇక్కడ ఇంకా ఉన్నారనుకుంటున్నాను. చివరికి వెళ్లేసరికి పిల్లలు బైబిళ్లు పట్టుకుని రేవు గట్టు మీద కూర్చుని ఉన్నారు. ప్రతి ఆదివారం అలాగే వచ్చి చూసి వెళ్తున్నారట. ‘ఎందుకు రాలేదు మాస్టారూ’ అని ఒక్కరూ అడగలేదు. అడిగి ఉంటే నాకు కాస్త తేలికయ్యేది.

బౌడెన్, బీర్ అనే మిషనరీల కుటుంబాలు 1836లో ఇంగ్లండు నుంచి మన దేశానికి వచ్చి, తర్వాత ఈ నర్సాపురం ప్రాంతంలో స్థిరపడ్డాయి. వాళ్ల ఓడ ప్రయాణం గురించి మనం గొప్పగా చెప్పుకుంటాం. నాకు ఆశ్చర్యం కలిగించేది దిగిన తర్వాతి సంగతి: తెలుగు అక్షరాలు దిద్దుకుంటూ, ఈ ఎండల్లో, ఏళ్ల తరబడి ఇక్కడే ఉండిపోవడం.

ఒక్కమాట స్పష్టంగా చెప్పాలి. విధేయత పేరు చెప్పి చిన్నవాళ్ల నోరు మూయించే పెద్దలున్నారు. లెక్క అడిగితే తిరుగుబాటు అంటారు. యేసు శిష్యుడు పేతురు యూదుల మహాసభ ముందు మనుషుల కంటే దేవునికే లోబడాలన్నాడు. నేను అడుగుతున్నది ఆ లోబడటమే.

ఈ ఆదివారం లంక వంతు నాది. ఉదయం ఆరున్నరకు రేవు దగ్గర ఉంటాను. పడవలో ఇంకో నలుగురికి చోటుంది.