గుంటూరులో ఇంటి వెనక బ్యాడ్మింటన్ కోర్టు వేయించాం: ఏడాది వాడాక మా రివ్యూ

నమస్కారమండి. గుంటూరు గోరంట్ల వైపు మా ఇంటి వెనక వేయించుకున్న బ్యాడ్మింటన్ కోర్టు ఇదే. పోయిన వానాకాలం చూసింది, ఇప్పుడు ఎండలు చూస్తోంది. అందుకే ఇన్నాళ్లూ ఆగి ఈ రివ్యూ చేస్తున్నాను. కొత్తగా రంగు వేసిన రోజు ఏ కోర్టయినా బాగానే కనిపిస్తుంది.

ముందు స్థలం సంగతి. గీతల లోపలి కొలత 44 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు. అంటే సుమారు రెండు సెంట్లు. ఇది విని చాలామంది ‘మాకూ సరిపోతుంది’ అనుకుంటారు. కానీ వెనక్కి పరిగెత్తి షటిల్ తీయాలంటే గీత అవతల కూడా చోటుండాలి కదా. మేం అటూ ఇటూ పొడవులో ఆరేసి అడుగులు, పక్కల నాలుగేసి అడుగులు వదిలాం. మొత్తం 56 బై 28 అయింది, గజాల్లో 174. పొడవు ఉత్తర దక్షిణాలుగా పెట్టించాం, పొద్దున్నే ఎండ ఎదురుగా కళ్లల్లో పడకుండా.

ఇక అసలు విషయం, నేల. మన గుంటూరు చుట్టుపక్కల ఎక్కువగా నల్లరేగడి. పత్తికీ మిరపకీ ఇంతకంటే ఏం కావాలి! కాంక్రీటుకు మాత్రం ఈ మట్టితో పేచీ. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి నెర్రెలిస్తుంది. కెమెరా ఒక్కసారి ఈ ప్రహరీ మూలకు తిప్పుతాను, చూడండి. ఇది కోర్టు వేయని చోటు. ఈ నెర్రెలో నా చెయ్యి మణికట్టు దాకా దిగిపోతోంది. పైన గట్టిగా ఎండిపోయింది, లోపల వేళ్లకు ఇంకా చల్లగా, తడిగా తగులుతోంది. ఇలాంటి నేల మీద నేరుగా కాంక్రీటు పోస్తే ఒక పక్క లేస్తుంది, ఇంకో పక్క కుంగుతుంది. మధ్యలో పగులుతుంది. పైన ఎంత ఖరీదైన రంగు వేసినా ఆ పగులును ఆపలేదు.

మొదట వచ్చిన కాంట్రాక్టరు, ‘అర అడుగు గ్రావెల్ తోలి పైన కాంక్రీటు పోసేద్దాం సార్, ఏం కాదు’ అన్నారు. మేం ఒప్పుకోలేదు. ఆ తర్వాత మాట్లాడుకున్న ఆయనతో రెండడుగుల లోతున నల్లమట్టి తవ్వించి బయటికి తోలించాం. అడుగున జియోటెక్స్‌టైల్ గుడ్డ పరిచారు, బురద పైకొచ్చి గ్రావెల్‌లో కలవకుండా. దాని మీద ఎర్ర గ్రావెల్. అర అడుగు చొప్పున పోయడం, నీళ్లు కొట్టడం, రోలర్ తొక్కించడం, మళ్లీ పోయడం. ఈ పని జరిగేటప్పుడు మాత్రం దయచేసి దగ్గరుండి చూసుకోండి. రెండడుగులూ ఒకేసారి పోసి పైన రోలర్ తిప్పితే పై పొర గట్టిపడుతుంది, అడుగు వదులుగానే ఉండిపోతుంది. అది పైకి కనపడదు, మొదటి వానాకాలం దాకా తెలియదు కూడా.

ఆ పైన కంకర, డస్ట్ (రాతి పొడి), ప్లాస్టిక్ షీటు, ఐరన్ మెష్, నాలుగంగుళాల ఎం20 కాంక్రీటు (ఎం20 అంటే కాంక్రీటు బలాన్ని చెప్పే గ్రేడు). వాలు పదడుగులకు ఒక అంగుళం, అంతా ఒకే వైపుకి. అటు అంచు వెంబడి కాలువ కట్టించాం, వాననీళ్లు కోర్టు పక్కనే ఇంకితే మళ్లీ ఉబ్బుడు మొదలు కాబట్టి. అదే కారణంతో కోర్టును ఆనుకుని పూలమొక్కలు కూడా పెట్టలేదు. అమ్మకు అది నచ్చలేదు, అయినా సర్దుకుంది.

కాంక్రీటు మీద గట్లు కట్టి నీళ్లు నిలబెట్టాం. రంగు వేయడానికి 28 రోజులైనా ఆగాలి. లోపలి తడి ఆరకముందే అక్రిలిక్ రంగు వేస్తే పైపొర బుడగలొచ్చి ఊడుతుంది. రంగుకు ముందు ఇంకో పరీక్ష ఉంది. కోర్టంతా నీళ్లతో తడిపి, గంట ఆగి, నీళ్లు నిలిచిన చోటల్లా రూపాయి బిళ్ల పెట్టండి. బిళ్ల మునిగితే అక్కడ లెవెల్ చేయించాల్సిందే. మాకు ఒక మూల మునిగింది, అప్పుడే సరిచేశారు.

పైన వేసింది అక్రిలిక్, దాని కింద రబ్బరు కలిసిన కుషన్ పొరలు. కుషన్ లేకుండా చేస్తే ఖర్చు తగ్గుతుంది. కానీ మా నాన్నగారు కూడా ఆడతారు. వట్టి కాంక్రీటు మీద ఎగిరి దిగితే ఆయన మోకాళ్లు ఏమవుతాయి? ప్లాస్టిక్ ఇంటర్‌లాక్ టైల్స్ కూడా చూశాం. వాననీళ్లు కిందికి జారిపోతాయి, కావాలంటే విప్పి తీసుకుపోవచ్చు, బాగానే ఉంటాయి. అయితే వాటికీ కింద గట్టి బేస్ కావాల్సిందే, అది తప్పించుకోలేం. ఇండోర్ కోర్టుల్లో పరిచే సింథటిక్ మ్యాట్‌ను మాత్రం ఎండావానల్లో పరచకండి.

ఇప్పుడు గాలి. మన గుంటూరు కుర్రాడు కిడాంబి శ్రీకాంత్ 2018 ఏప్రిల్‌లో ప్రపంచ నంబర్ వన్ అయ్యాడు. ఆ స్థాయి ఆటంతా లోపల ఆడేదే, కారణం ఉంది. షటిల్ బరువు ఐదు గ్రాముల చుట్టూనే. ఆరుబయట చిన్న గాలికే పక్కకు పోతుంది. చుట్టూ గ్రీన్ నెట్ కట్టించాక కొంత మేలు, పూర్తిగా కాదు. సాయంత్రం గాలి తిరిగితే మేం నైలాన్ షటిల్‌తోనే సరిపెట్టుకుంటాం. మంచి ఆటంటే మాకు పొద్దున్నే. పదింటికల్లా ఈ నేల మీద వట్టి కాళ్లతో నిలబడలేం, పిల్లలకు ఇది గట్టిగా చెప్పి ఉంచండి.

లైట్లు పక్కల పెట్టించుకోండి, బేస్‌లైన్ల (కోర్టు రెండు చివర్లలోని గీతల) వెనక వద్దు. లేకపోతే షటిల్ కోసం తల ఎత్తగానే కళ్లు చెదురుతాయి. వెలుగు పక్కింటి కిటికీల్లోకి పోకుండా కిందికి వంచి పెట్టించాం, రాత్రి తొమ్మిదికి ఆపేస్తాం. పక్కింటివాళ్ల పిల్లలు కూడా ఇక్కడే ఆడతారు.

మా ఖర్చులో సగానికి పైగా నేల కిందికే పోయింది. మళ్లీ వేయించినా అలాగే చేస్తాను. బడ్జెట్ చాలకపోతే లైట్లు, చుట్టూ కట్టే గ్రీన్ నెట్ తర్వాత పెట్టుకోండి, తవ్వకం లోతు మాత్రం తగ్గించకండి. ఒప్పందం రాసుకునేటప్పుడు ఎన్ని అడుగులు తవ్వాలి, ఏ పొర ఎంత మందం, వాలు ఎటు, అన్నీ అంకెలతో రాయించండి. మేం రాయించిన కాగితం ఫొటో, పేర్లు తీసేసి, కింద డిస్క్రిప్షన్‌లో పెట్టాను. మీ నేల ఎర్రదో, ఇసుకదో, నల్లరేగడో కామెంట్‌లో రాస్తే నాకు తెలిసినంత చెబుతాను.