వాక్యంలో స్వరం దిగే తీరు

సభకు నమస్కారం.

ఒక మామూలు వాక్యాన్ని రికార్డు చేసి, స్వరతంత్రులు సెకనుకు ఎన్నిసార్లు కంపిస్తున్నాయో గీతగా గీస్తే, ఆ గీత మధ్యలో ఎన్నిసార్లు లేచి పడినా, మొత్తం మీద మొదటినుంచి చివరికి వాలుతూనే పోతుంది. పరిశోధకులు డెక్లినేషన్ అని పిలిచే ఈ వాలు ఒకదానితో ఒకటి సంబంధం లేని ఎన్నో భాషల్లో కనిపిస్తుంది.

కారణమేమిటంటే ముందుగా తోచేది ఊపిరి. మాట్లాడుతున్నకొద్దీ స్వరపేటిక కింద గాలి ఒత్తిడి తగ్గుతుంది, దానితోపాటు కంపనాలూ కొంత తగ్గుతాయి. ఇది నిజమే; కానీ ఈ ఒక్క కారణంతో సరిపెట్టుకుంటే ఈ విషయంలోని అసలు అందం మన చేజారుతుందని నా నమ్మకం. అందుకు గట్టి సాక్ష్యం ఉత్తర నైజీరియాలోనూ నైజర్‌లోనూ మాట్లాడే హౌసా. అక్షరం ఎత్తుగా పలికిందా, పల్లంగా పలికిందా అన్నదాన్నిబట్టి అర్థం మారే భాష అది. ఎత్తు, పల్లం ఒకదాని వెంట ఒకటి వచ్చే వాక్యంలో, పల్లం దాటిన ప్రతిసారీ తర్వాతి ఎత్తు ఒక మెట్టు దిగుతుంది. వాక్యం పొడవైతే చివరి ఎత్తు మొదటి పల్లంకన్నా కిందికి చేరవచ్చు. అయినా హౌసావారు దాన్ని పక్క అక్షరాలతో పోల్చి ఎత్తుగానే వింటారు. అవునా కాదా అని అడిగే ప్రశ్నలో మాత్రం ఈ దిగుడు దాదాపు ఆగిపోతుంది. ఊపిరి ప్రశ్నకైనా జవాబుకైనా ఒకటే కదా!

డేనిష్ కూడా ఇదే చెబుతుంది. కోపెన్‌హాగన్ మాటతీరును పరిశీలించిన నీనా థోర్సెన్, చెప్పే వాక్యంలో వాలు నిటారుగా ఉంటుందనీ, ప్రశ్నార్థక పదమూ పదక్రమంలో మార్పూ లేని ప్రశ్నలో గీత దాదాపు సమతలంగా సాగుతుందనీ చూపారు. టోక్యో జపనీస్‌లో వాలును పదాలే నడిపిస్తాయి: రుచికరమైన అనే అర్థంగల 'ఉమాయ్'లో స్వరం హఠాత్తుగా పడే చోటు ఉంది కాబట్టి దాని తర్వాతి పదం కిందికి అణుగుతుంది, తియ్యని అనే 'అమాయ్'లో ఆ చోటు లేదు కాబట్టి అలా అణగదు.

వినేవారి పని మరింత ఆశ్చర్యకరం. ఒకే వాక్యంలోని రెండు శిఖరాలు సమానంగా వినిపించాలంటే రెండోది నిజానికి కొంత తక్కువగా ఉండాలని జానెట్ పియర్‌హంబర్ట్ 1979లో ఆంగ్లంపై చేసిన ప్రయోగాల్లో తేల్చారు. అంటే వాలు ఉంటుందని చెవి ముందే లెక్కవేసుకుని వింటోంది. తెలుగు పాఠాన్ని చదివి వినిపించే యంత్రాలను తయారుచేసేవారు పదాల ఉచ్చారణతో పాటు ఈ లెక్కను కూడా పట్టించుకోవాలి.