ఎరిక్ డాల్ఫీ: శాక్సఫోనా, ఫ్లూటా?

నిర్వాహకురాలు: నమస్కారం. ఆల్టో శాక్సఫోన్, ఫ్లూట్, బాస్ క్లారినెట్ మూడింటినీ ఒకే పట్టుతో వాయించిన జాజ్ విద్వాంసుడు ఎరిక్ డాల్ఫీ. 1928లో లాస్ ఏంజెలెస్‌లో పుట్టారు, 36 ఏళ్లకే బెర్లిన్‌లో కన్నుమూశారు. ఆయన్ని ఏ వాద్యంతో గుర్తుంచుకోవాలి? ముందు విమర్శకులు చెప్పాలి.

విమర్శకుడు: ఆల్టో శాక్సఫోన్, సందేహం లేదు. బాస్ విద్వాంసుడు చార్లెస్ మింగస్ జాజ్ బృందంలో ఆయన వాయించింది వినండి. తారస్థాయికి ఎగిరిన స్వరం మరుక్షణం మంద్రంలోకి దూకుతుంది, ఎవరితోనో గట్టిగా వాదిస్తున్నట్టుగా. 1961లో శాక్సఫోన్ విద్వాంసుడు జాన్ కోల్ట్రేన్‌తో కలిసి వాయిస్తున్నప్పుడు అమెరికా జాజ్ పత్రిక డౌన్‌బీట్‌లో ఒక సమీక్షకుడు దాన్ని జాజ్‌కే వ్యతిరేకమని దుయ్యబట్టాడు. అంతగా కలవరపెట్టిన వాద్యం అది!

వేణు విద్వాంసురాలు: మరుసటి ఏడాది అదే పత్రికలో డాల్ఫీ ఏమని బదులిచ్చారో కూడా చెప్పాలి కదండీ. కాలిఫోర్నియాలో సాధన చేస్తుంటే పక్షులు కూసేవట. చేస్తున్న సాధన ఆపి వాటితో కలిసి వాయించేవారట. పక్షుల కూతల్లో మన స్వరాలకు నడుమ పలికే స్వరాలున్నాయని అంటూ, భారతీయ సంగీతాన్నీ ప్రస్తావించారు. గమకం విని పెరిగిన చెవికి ఇందులో వింతేముంది?

విమర్శకుడు: ఒప్పుకుంటాను. కానీ ఆ తెగువ ఫ్లూట్‌లో ఉందా?

వేణు విద్వాంసురాలు: తెగువ అంటే గట్టిగా వాయించడమేనా? 1964 జూన్ 2న నెదర్లాండ్స్‌లోని హిల్వర్సమ్‌లో చేసిన రికార్డింగులో ఒక పాత ప్రేమగీతం ఉంది, 11 నిమిషాల పైచిలుకు. మొదట్లో ఫ్లూట్, కమానుతో వాయించే బాస్ అనే పెద్ద తీగవాద్యం తప్ప ఇంకేమీ ఉండవు. డాల్ఫీ ఆ పాట బాణీ దగ్గరకు వచ్చినట్టే వచ్చి తప్పుకుంటారు. ఊపిరి సవ్వడి కూడా వినిపిస్తుంది. అలా నిదానంగా నిలబెట్టడానికి ఎంత సాధన కావాలో వాయించేవాళ్లకు తెలుసు. నెల తిరగకుండానే, జూన్ 29న, మధుమేహం ముదిరి ఆయన పోయారు. నాకిప్పటికీ కోపమే వస్తుంది.

నిర్వాహకురాలు: పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం కూడా వాయించారా?

వేణు విద్వాంసురాలు: 1962లో కాలిఫోర్నియాలోని ఓహాయ్ ఉత్సవంలో ఎడ్గార్ వరేజ్ రాసిన ‘డెన్సిటీ 21.5’ వాయించారు. ఒక్క ఫ్లూట్ కోసమే రాసిన రచన అది, పక్కవాద్యాలు ఉండవు. తన ‘ఔట్ టు లంచ్’ ఆల్బమ్‌లోని ఒక రచనకు ఇటలీ ఫ్లూట్ విద్వాంసుడు గజెల్లోని పేరే పెట్టారు. ఫ్లూట్ ఆయనకు సరదా వాద్యమైతే ఇదంతా ఎందుకు చేస్తారు?

విమర్శకుడు: మరొకటి నేనే చేరుస్తాను. డాల్ఫీ పోయాక తల్లిదండ్రులు ఆయన ఫ్లూట్‌ను, బాస్ క్లారినెట్‌ను కోల్ట్రేన్‌కు ఇచ్చారు. 1967లో కోల్ట్రేన్ ఫ్లూట్ రికార్డు కూడా చేశారు.

నిర్వాహకురాలు: కొత్తగా వినేవారు ఎక్కడ మొదలుపెట్టాలి?

విమర్శకుడు: ‘ఔట్ టు లంచ్’. మొదటిసారి అర్థం కాకపోయినా వదలకండి.

వేణు విద్వాంసురాలు: హిల్వర్సమ్ ఫ్లూట్ ముందు. ఆ తర్వాత మీరు చెప్పింది.