తిరుపతిలో ఇంటి పునాదికి జేసీబీ: గంట లెక్కా, గుత్తకా? మా రివ్యూ

నమస్తే అండీ. ఇల్లు కట్టేవాళ్లు టైల్స్ కోసం నాలుగు షాపులు తిరుగుతారు. పునాది తవ్వే జేసీబీకి మాత్రం మేస్త్రీ ఎవరిని పిలిస్తే వాళ్లే. అందుకే మా బావ వాళ్లు అవిలాల వైపు ఇల్లు మొదలుపెడుతుంటే, తవ్వకం రోజంతా కెమెరా పట్టుకుని అక్కడే ఉన్నాను. స్థలం 33 అంకణాలు. మన దగ్గర అంకణం అంటే 36 చదరపు అడుగులు కాబట్టి సుమారు 1,200 చదరపు అడుగులు. 12 కాలమ్ గుంతలు, ఒక సంపు. తూర్పు రోడ్డు.

ముందే చెప్పేస్తున్నా, మీరు డబ్బు పెట్టేది బండికి కాదు, ఆపరేటర్‌కి. బండి ఎవరి దగ్గరైనా దాదాపు ఒకటే.

ముందు రేట్లు చూద్దాం. ఇద్దర్ని అడిగాం. ఒకాయన మొత్తం గుత్తకి 12,000 అన్నాడు. ఇంకొకాయన గంటకి 1,300, కనీసం రెండు గంటలు, ఆపరేటర్ బత్తా వేరే అన్నాడు. మేం గంట లెక్కకే వెళ్లాం. ఇది మాకు చెప్పిన రేటు. డీజిల్‌ని బట్టి, దూరాన్ని బట్టి మీ దగ్గర మారుతుంది.

గంట లెక్కలో గొడవంతా మీటర్ దగ్గరే. ఇక్కడ స్క్రీన్ మీద చూడండి. క్యాబిన్‌లో ఉన్న ఈ చిన్న డబ్బాని అవర్ మీటర్ అంటారు. పని మొదలైనప్పుడు 6412.3, ముగిసినప్పుడు 6417.8. తేడా 5.5. అంటే ఐదున్నర గంటలు, ఐదు గంటల యాభై నిమిషాలు కాదు. చివరి అంకె ఒకటి మారితే 6 నిమిషాలు. బిల్లు 7,150 అయింది, బత్తా కాకుండా. ఇంకోటి, బకెట్ కదలకపోయినా ఇంజన్ ఆన్‌లో ఉంటే మీటర్ తిరుగుతూనే ఉంటుంది. టిఫిన్‌కి వెళ్లేటప్పుడు ఇంజన్ ఆపమని చెప్పండి, మొహమాటం వద్దు. మొదటి రీడింగ్, చివరి రీడింగ్ రెండూ ఫోన్‌లో ఫోటో తీసుకోండి. అంతే, సాయంత్రం వాదన ఉండదు.

మరి గుత్త మంచిది కాదా అంటే, నేల ఏంటో ముందే తెలిస్తే మంచిదే. తిరుపతిలో అదే కష్టం. కొండ వైపు వెళ్తే గరుసు, గుండు రాళ్లు. స్వర్ణముఖి దగ్గరికి వెళ్తే ఇసక. చెరువు కింద మాగాణిలో వేసిన లేఅవుట్‌లో బంకమట్టి, దాని మీద ఎక్కడినుంచో తోలిన ఫిల్లింగ్ మట్టి. చిత్తూరు వైపు వెళ్తే మూడడుగులకే బండ తగలొచ్చు, అప్పుడు బండ పగలగొట్టే బ్రేకర్ పెట్టాలి, దాని రేటు వేరే. గుత్తకి ఒప్పుకున్నాయన బండ తగలగానే పని ఆపి మీ మొహం చూస్తాడు. అందుకని గుత్త మాట్లాడితే “బండ వస్తే ఏంటి?” అని ఆ రోజే అడిగి కాగితం మీద రాయించుకోండి.

ఇప్పుడు ఆపరేటర్ సంగతి. ముగ్గు పోసిన గీతల మధ్య మొదటి గుంత ఈశాన్యంలో తవ్వాలని పంతులుగారు చెప్పారు. ఆపరేటర్ ఒక్కసారి స్థలం చూసి, “సార్, గడ్డపారతో మీరు ఈశాన్యంలో మొదలుపెట్టండి, బండి మాత్రం పడమర నుంచి వస్తుంది” అన్నాడు. ఎందుకో తెలుసా? ఈశాన్యం రోడ్డు పక్కనే ఉంది. అక్కడ గుంత తీసేస్తే వెనకున్న గుంతల దగ్గరికి బండి వెళ్లడానికి దారి ఉండదు. దూరంగా ఉన్నవి తవ్వుకుంటూ రోడ్డు వైపు వెనక్కి రావాలి. పూజ పూజే, దారి దారే. ఈ ముక్క ఆయన నోట్లోంచి వచ్చినప్పుడే నాకు నమ్మకం కుదిరింది.

ఇక్కడ కొంచెం ఓపికగా వినండి, అందరూ దెబ్బతినేది దీని దగ్గరే. ఇంజినీరు 5 అడుగులు అన్నాడు. ఆపరేటర్ హడావుడిగా ఆరడుగులు తవ్వేస్తే ఏం చేస్తారు? చాలా చోట్ల ఆ అడుగు మట్టినే తిరిగి లోపల పోసి, బకెట్‌తో రెండు దెబ్బలు కొట్టి “గట్టిగానే ఉంది సార్” అంటారు. మా ఇంటి ప్రహరీ గోడకి వచ్చిన ఒకాయన ఇలాగే చేశాడు, ఆ గోడ నెర్రె ఇచ్చింది. వదులు మట్టి మీద ఫుటింగ్, అంటే కాలమ్ కింద వేసే కాంక్రీటు దిమ్మ, కూర్చోకూడదు. ఎక్కువ తవ్వితే ఆ మేరకి పీసీసీ (కమ్మీ లేని ఉత్త కాంక్రీటు) పోయాలి, అంటే ఆ అడుగు కాంక్రీటు ఖర్చు మీదే. మాకు వచ్చిన ఆపరేటర్ అయితే నాలుగున్నర అడుగుల దగ్గర ఆపి, “మిగతా అరడుగు కూలోళ్లతో చెక్కించండి, గుంత అడుగుభాగం సాపుగా వస్తుంది” అన్నాడు. మా బావ “అన్నా, ఇంకో అడుగు వేసేయ్, బలంగా ఉంటుంది” అంటే, “ఇంజినీరు చెబితే వేస్తా సార్” అన్నాడు. అలాంటోడికి బత్తా కొంచెం ఎక్కువిచ్చినా తప్పులేదు.

మట్టి లెక్క కూడా చూసుకోండి. ఒక్కో గుంత 5×5×5, అంటే 125 ఘనపు అడుగులు. పన్నెండుకి 1,500, అంటే 15 యూనిట్లు (యూనిట్ అంటే 100 ఘనపు అడుగులు). కానీ తవ్విన మట్టి పొంగుతుంది, పావు వంతు ఎక్కువ వేసుకుంటే 19 యూనిట్లు. అందులో చాలా భాగం మళ్లీ గుంతలు పూడ్చడానికి, బేస్‌మెంట్‌కి కావాలి. “మట్టి మేమే ఎత్తేస్తాం సార్, ఫ్రీ” అని ఎవరైనా అంటే సంతోషపడొద్దు. రేపు గ్రావెల్ డబ్బు పెట్టి తోలించుకునేది మీరే.

ఆ మట్టి ఎక్కడ పోయాలి? సీపీడబ్ల్యూడీ, అంటే కేంద్ర ప్రజా పనుల శాఖ, భద్రతా నియమాల ప్రకారం గుంత అంచు నుంచి 1.5 మీటర్లు, లేదా గుంత లోతులో సగం, ఏది ఎక్కువైతే అంత దూరం. 1.5 మీటర్లు దాటిన లోతుకి పక్కల్ని వాలుగా తీయాలి, లేదా చెక్కలతో ఆపు పెట్టాలి. చిన్న స్థలాల్లో అంత దూరం కుదరదని అందరూ అంచుమీదే పోస్తారు. కుదరకపోతే ట్రాక్టర్ పెట్టి పక్క ఖాళీ స్థలంలోకి, ఆ స్థలం వాళ్లని అడిగే, తోలండి. లోపల దిగి చెక్కేది కూలోళ్లు, మట్టి జారితే పోయేది వాళ్లే.

సంపు విషయానికొస్తే మన తిరుపతి వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. 2021 నవంబరు వానలప్పుడు ఎం.ఆర్.పల్లి దగ్గర శ్రీకృష్ణ నగర్‌లో ఒక ఇంట్లో సంపు కడుగుతుంటే, సిమెంటు వరలన్నీ భూమిలోంచి పైకి లేచిన వీడియో అందరం చూశాం. అందులో మాయ ఏమీ లేదండీ. వానకి భూమిలో నీళ్లు పైకొస్తాయి, లోపల ఖాళీ, కింద నీళ్లు పైకి తోస్తాయి. మా సంపు 8×6×6, అంటే 288 ఘనపు అడుగులు. అంత జాగా ఖాళీగా ఉండి చుట్టూ పైదాకా నీళ్లు నిలిస్తే 8 టన్నుల తోపు. అందుకే తవ్వేటప్పుడు అడుగున ఊట కనిపిస్తే ఇంజినీరుకి చూపించండి. చుట్టూ పూడ్చే మట్టిని పొరలుగా దిమ్మిస కొట్టించండి. పెద్ద వానల్లో సంపు పూర్తిగా ఖాళీ చేయకండి.

అలాగే ముహూర్తం దొరికింది కదా అని కార్తీక మాసంలో గుంతలు తీసి పెట్టుకోవద్దు. మన వైపు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకానే. గుంతలో నీళ్లు నిలిస్తే అడుగు మెత్తబడుతుంది. ఆ బురదంతా తీసి గట్టి నేల కనపడేదాకా పీసీసీ వేయనివ్వకండి.

రోడ్డు పక్క కొళాయి, డ్రైనేజీ, కరెంటు కేబుల్ ఉంటాయి. వీధి లైన్‌మన్‌ని, కార్పొరేషన్ వాళ్లని ఒకసారి అడిగితే పోయేదేం లేదు. కేంద్రం 2023 మార్చిలో ‘కాల్ బిఫోర్ యు డిగ్’ అని యాప్ కూడా తెచ్చింది, తవ్వేవాళ్లు ముందే చెబితే కింద కేబుళ్లు, పైపులు ఉన్నవాళ్లకి కబురు అందేలా. ఇంటి పునాదికి లైన్‌మన్‌తో మాట్లాడటమే తేలికనిపించింది నాకు.

మాకు వచ్చిన జేసీబీ వాళ్లకి నా మార్కులు ఐదుకి నాలుగు. చెప్పిన టైముకి వచ్చారు, లెవెల్ తప్పలేదు, పక్కింటి గోడకి గీత పడలేదు. ఒక మార్కు ఎందుకు తీశానంటే, చీకటి పడ్డాక పన్నెండు గుంతలు నోరు తెరుచుకుని ఉంటే, చుట్టూ ఒక తాడు కూడా కట్టకుండా బండి స్టార్ట్ చేసుకుని వెళ్లిపోయారు. వీధిలో పిల్లలు ఆడుకుంటున్నారు. కర్రలు పాతి, ఎర్ర గుడ్డలు కట్టింది మా బావా నేనే.