కార్వెట్‌ని లాగాలంటే ఏ బండి కొనాలి? టాహో, సెకోయా, ఎక్స్‌పెడిషన్, ఎఫ్-150 రివ్యూ

నమస్తే అండీ. డాలస్ పక్కన ఫ్రిస్కో నుంచి మాట్లాడుతున్నాను. నా వెనకాల ట్రైలర్ మీద ఎర్రగా మెరుస్తున్నది షెవ్రొలె కార్వెట్, సీ8 మోడల్. నాది కాదు లెండి, మా బావమరిదిది. వాడికి ట్రాక్ పిచ్చి. ఆస్టిన్‌లో సర్క్యూట్ ఆఫ్ ది అమెరికాస్ ఉంది కదా, ఫార్ములా వన్ జరిగేది, మామూలువాళ్ళు కూడా డబ్బు కట్టి సొంత కారు తోలుకునే రోజులు అక్కడ ఉంటాయి. ఇన్నాళ్ళూ ఈ కారే నడుపుకుంటూ వెళ్ళి, దీన్నే నడుపుకుంటూ వచ్చేవాడు. సాయంత్రానికి టైర్లు అరిగిపోయి, బ్రేక్ ప్యాడ్లు సన్నబడిపోయి ఉంటాయి. ఆ కారుతోనే రాత్రిపూట ఐ-35 హైవే మీద రెండొందల మైళ్ళకు పైగా వెనక్కి రావాలంటే ఇంట్లో అందరికీ టెన్షన్. అందుకే ట్రైలర్ కొన్నాడు. ఇప్పుడు దాన్ని లాగే బండి కావాలి.

"బావా, ఫోర్డ్ ఎఫ్-250 డీజిల్ ట్రక్కు కొనేస్తే గొడవ వదిలిపోతుంది" అన్నాడు. నిజమే, వదిలిపోతుంది. కాకపోతే అది వాళ్ళ గ్యారేజీలో పట్టదు. పిల్లలిద్దరినీ రోజూ స్కూల్‌కి, డాన్స్ క్లాసుకి దింపే బండి కూడా అదే కావాలి. ట్రాక్‌కి వెళ్ళేది ఎప్పుడో ఒకసారి. మిగతా రోజులన్నీ ఆ బండి చేసేది కాస్ట్‌కోకి సరుకులకి వెళ్ళే పనే. నేను ఈ రివ్యూ చేసింది ఆ లెక్కతో.

ముందు బరువు సంగతి. కార్వెట్ బ్రోషర్‌లో 3,366 పౌండ్లు అని ఉంటుంది. అది డ్రై వెయిట్. ఆయిల్, కూలెంట్, గ్యాస్ (అంటే పెట్రోలు) అన్నీ పోశాక 3,650 దగ్గరికి వస్తుంది. ఈ ట్రైలర్ ఉక్కుది, రెండు ఇరుసులది, ఖాళీగా 2,200. దాని మీద ఇంకో సెట్ టైర్లు, జాకీ, టూల్ బాక్స్, కట్టే పట్టీలు, గ్యాస్ డబ్బాలు కలిపితే 350 పౌండ్లు తేలిగ్గా అవుతుంది. మొత్తం 6,200. ఇండియా నుంచి చూసేవాళ్ళకి, అది 2,800 కిలోల పైమాట.

కారు ముందు చక్రాలు మాత్రమే పైకెత్తి లాగే డాలీ చాలదా అని చాలామంది అడుగుతారు. కార్వెట్‌కి చాలదు. దీని ఇంజను శక్తి వెళ్ళేది వెనక చక్రాలకి. అవి రోడ్డు మీద దొర్లుతూ ఉంటే గేర్‌బాక్స్ లోపల సరిగ్గా ఆయిల్ అందక పాడవుతుంది. నాలుగు చక్రాలూ పైకి ఎక్కాల్సిందే.

సరే, 6,200 పౌండ్లు. టాహో గరిష్ఠంగా 8,400 లాగుతుందని కంపెనీ చెప్తోంది, ఇంకేం, కొనేద్దాం అనుకుంటారు. ఇక్కడే ఆగండి. డ్రైవర్ తలుపు తెరవండి. కెమెరా ఇటు తిప్పు. ఈ డోర్ పిల్లర్ మీద పసుపు, తెలుపు రంగుల్లో చిన్న స్టిక్కర్ ఉంది చూడండి. మనుషులు, సామాను కలిపి ఇంతకి మించకూడదని రాసి ఉంటుంది. దీన్నే పేలోడ్ అంటాం. టీవీ యాడ్‌లో చెప్పే అంకె మోడల్ మొత్తంలో అన్నిటికన్నా ఎక్కువ లాగే బండిది. ఈ స్టిక్కర్ మీద అంకె మాత్రం సరిగ్గా మీ ముందు ఉన్న ఈ బండిది, సన్‌రూఫ్, పెద్ద చక్రాలు, లెదర్ సీట్లు అన్నిటి బరువూ తీసేశాక మిగిలింది.

ట్రైలర్ బరువు వెనకాల దొర్లుతుంటే పేలోడ్‌తో ఏం పని అంటారా? ట్రైలర్ మూతి బండి వెనక ఉండే హిచ్ మీద, అంటే తగిలించే కొక్కెం మీద ఆనుకుంటుంది కదా, ఆ బరువంతా బండిదే. టంగ్ వెయిట్ అంటారు. మొత్తం ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం ఉండాలి. మన ఊళ్ళో ఎడ్లబండి ఎక్కించినవాళ్ళకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు: బస్తాలు ముందుకు ఎక్కువైతే ఎద్దుల మెడ మీద పడుతుంది, వెనక్కి ఎక్కువైతే కాడి పైకి లేస్తుంది. ట్రైలర్‌కి కాడి లేవడమంటే హైవే మీద తోక ఊపడం మొదలవుతుందన్నమాట. దాన్నే స్వే అంటారు, ఒకసారి పెద్దదైతే లాగే బండిని కూడా తిప్పి పడేస్తుంది.

కార్వెట్‌తో ఒక చిక్కు ఉంది. సీ8లో ఇంజను సీట్ల వెనకాల ఉంటుంది, బరువులో 60 శాతం వెనక చక్రాల మీదే. మామూలు మస్టాంగ్‌ని ఎక్కించినట్టు ట్రైలర్ మధ్యలో ఆపితే టంగ్ వెయిట్ చాలదు. ఇదిగో చూడండి, ముందు చక్రాలు దాదాపు ట్రైలర్ ముందు అంచు దాకా వచ్చాయి. నేల మీద తెల్ల పెయింట్‌తో గీత కొట్టాం, ప్రతిసారీ టైరు సరిగ్గా ఆ గీత మీదకి రావాలి. పోర్షా 911 ఉన్నవాళ్ళకి ఈ గొడవ ఇంకా ఎక్కువ. కొందరు దాన్ని రివర్స్‌లో ఎక్కిస్తారు.

ఇప్పుడు బండ్లు.

టొయోటా హైలాండర్, హోండా పైలట్, కియా టెల్యురైడ్. మన తెలుగువాళ్ళ డ్రైవ్‌వేలలో రెండింట్లో ఒకటి ఇదే. వీటి గరిష్ఠం దాదాపు 5,000 పౌండ్లు. అదీ అన్నిటికీ కాదు. హైలాండర్ హైబ్రిడ్ అయితే 3,500, ఫ్రంట్ వీల్ డ్రైవ్ పైలట్ అయినా 3,500. కార్వెట్‌కి ఇవి పనికిరావు, అంతే. మీది మాజ్డా మియాటా అయితే కథ వేరు. అది 2,350 పౌండ్లే. 1,500 పౌండ్ల అల్యూమినియం ట్రైలర్ తీసుకుంటే సామానుతో కలిపి 4,100 దగ్గర తేలుతుంది. ఇద్దరు మనుషులతో, ఎండ మరీ లేనప్పుడు, నెమ్మదిగా వెళ్ళొచ్చు. టెస్లా మోడల్ వై, హోండా ఒడిస్సీ, టొయోటా సియెన్నా 3,500 దగ్గరే ఆగిపోతాయి. మియాటా కూడా కుదరదు.

షెవీ టాహో. నడపడానికి హాయి. వెనక సస్పెన్షన్ మెత్తగా ఉంటుంది, మూడో వరుసలో పెద్దవాళ్ళు కూడా ఇబ్బంది లేకుండా కూర్చుంటారు. 5.3 లీటర్ల వీ8 355 హార్స్‌పవర్ ఇస్తుంది. ట్రైలర్‌తో చిన్న ఎత్తు వచ్చినా గేర్లు దించుకుని గోల చేస్తుంది. లాగుతుంది, లాగదని కాదు. 6.2 లీటర్ల ఇంజను దీనికన్నా ఎంతో మేలు, కానీ 2021 నుంచి 2024 దాకా వచ్చిన ఆ ఇంజన్లకి 2025లో పెద్ద రీకాల్ వచ్చింది, క్రాంక్, కనెక్టింగ్ రాడ్ల సమస్య. సెకండ్ హ్యాండ్‌లో కొంటుంటే విన్ నంబర్ (బండి గుర్తింపు సంఖ్య) పెట్టి రీకాల్ పని అయిందో లేదో చూసుకోండి. నన్నడిగితే టాహో కన్నా దాని పొడుగు మోడల్ సబర్బన్ చూడండి. టాహో వీల్‌బేస్ 121 అంగుళాలు, సబర్బన్‌ది 134. ముందు వెనక చక్రాల మధ్య దూరం ఎక్కువగా ఉంటే లారీ పక్కనుంచి దూసుకెళ్ళినప్పుడు ట్రైలర్ లాగే లాగుడికి బండి అంతగా కదలదు.

టొయోటా సెకోయా. 2023 నుంచి హైబ్రిడ్ ఒక్కటే, 437 హార్స్‌పవర్, 583 పౌండ్-ఫీట్ల టార్క్. 9,520 పౌండ్ల దాకా లాగుతుందని చెప్తారు. ఇంజను విషయంలో నాకు వంక పెట్టాలనిపించలేదు, వెనకాల కార్వెట్ ఉందన్న సంగతే తెలియదు. మరి స్టిక్కర్? మేం చూసిన బండి మీద 1,380. లెక్క వేద్దాం. 6,200లో 12 శాతం టంగ్ వెయిట్ అంటే 745. ఆ బరువుని అన్ని ఇరుసులకీ పంచే వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ బరువు 80. మిగిలింది 555. భార్యాభర్తలు 340, పిల్లలు 140. ఇంకా 75 మిగిలింది, అందులో కూలర్, బ్యాగులు. మా మామగారు, అత్తగారు కూడా రేస్ చూస్తామంటే లెక్క దాటేసినట్టే. వాళ్ళ బరువెంతో నేను చెప్పను, ఈ వీడియో ఇంట్లో చూస్తారు. ఇంకోటి, బ్యాటరీ మూడో సీటు కింద పెట్టారు కాబట్టి సీటు మడిచినా నేల చదునుగా రాదు. ఇంత ధర పెట్టి ఆ మెట్టు మీద టైర్లు పేర్చుకోవడం నాకు నచ్చలేదు.

ఈ అంకెలు ఎలా తేలుస్తారో కూడా చెప్పాలి. ఎస్‌ఏఈ అనే ఇంజనీర్ల సంఘం పెట్టిన జే2807 అని ఒక ప్రమాణం ఉంది. అరిజోనాలో డేవిస్ డ్యామ్ దగ్గరి ఎత్తు, 11 మైళ్ళకి పైగా ఎక్కుడే ఎక్కుడు, ఏసీ ఫుల్‌గా పెట్టి, ట్రైలర్‌తో వేగం ఒక హద్దు కిందికి పడిపోకుండా ఎక్కాలి. ఆ పరీక్షలో లెక్కలోకి తీసుకునే మనుషులు ఇద్దరే, ఒక్కొక్కరు 150 పౌండ్లు. మీ కుటుంబం అంతకన్నా పెద్దదైతే యాడ్‌లో అంకె మీది కాదు.

ఇక ఫోర్డ్ ఎక్స్‌పెడిషన్. 2018 నుంచి 2024 దాకా వచ్చిన మోడల్, 3.5 లీటర్ల ట్విన్ టర్బో. నా ఓటు దీనికే. ఒక షరతు ఉంది. హెవీ డ్యూటీ ట్రైలర్ టో ప్యాకేజీ ఉన్నదే కొనాలి. అది ఉంటే 9,300 పౌండ్ల దాకా వెళ్తుంది, లేకపోతే అంకె చాలా కిందికి పడిపోతుంది. అమ్మేవాడికి చాలాసార్లు ఈ తేడా తెలియదు. "సార్, హిచ్ ఉంది కదా" అంటాడు. హిచ్ చాలావాటికి ఉంటుంది. స్టీరింగ్ పక్కన డాష్‌బోర్డ్ మీద ట్రైలర్ బ్రేక్ కంట్రోలర్ ఉందా అని చూడండి, ఇదిగో, ప్లస్, మైనస్ గుర్తులున్న ఈ బటన్లు. మేం తీసుకున్న బండి పొడుగు మోడల్, మ్యాక్స్, వీల్‌బేస్ 131 అంగుళాల పైనే. స్టిక్కర్ మీద 1,620. అదే లెక్క వేస్తే అత్తమామలు కూడా ఎక్కొచ్చు, వాళ్ళ జంతికల డబ్బాతో సహా. టర్బో ఇంజను కాబట్టి తక్కువ ఆర్‌పీఎమ్‌లోనే లాగుడు అందుకుంటుంది, కొండ ప్రాంతాల్లో పల్చటి గాలికి కూడా అంత నీరసపడదు. మైలేజీ అడగొద్దు. ట్రైలర్‌తో గ్యాలన్‌కి పది పదకొండు మైళ్ళు, ఎదురుగాలి ఉంటే అదీ లేదు. బయటితో పోలిస్తే లోపల ప్లాస్టిక్ కాస్త చవకగా అనిపిస్తుంది. మూడేళ్ళు వాడినది తీసుకుంటే ఆ బాధ కూడా తక్కువే.

ఫోర్డ్ ఎఫ్-150 ట్రక్కు కొనకూడదా? పిల్లలు పెద్దవాళ్ళైతే హాయిగా కొనండి. టైర్లు, గ్యాస్ వాసన అన్నీ వెనక బెడ్‌లో ఉంటాయి, క్యాబిన్‌లోకి రాదు. 13,500 దాకా లాగే ఎఫ్-150లు ఉన్నాయి. కానీ బాగా ఖరీదైన ట్రిమ్ తీసుకుంటే దాని స్టిక్కర్ మా ఎక్స్‌పెడిషన్ కన్నా తక్కువ చూపించవచ్చు, ఆశ్చర్యపోకండి. మూసిన ట్రైలర్ కొనే ఆలోచన ఉంటే మాత్రం మంచి పేలోడ్ ఉన్న ట్రక్కే కావాలి. అది ఖాళీగానే 4,000 దాకా ఉంటుంది, పైగా పెద్ద గోడలా గాలికి అడ్డం పడుతుంది.

ఎలక్ట్రిక్ సంగతి కామెంట్లలో తప్పకుండా అడుగుతారు. ఎఫ్-150 లైట్నింగ్ 10,000 పౌండ్లు లాగగలదు, శక్తికి లోటు లేదు. కానీ ఈ ట్రైలర్ తగిలిస్తే రేంజ్ సగానికి పడిపోతుంది. ఎక్కువ రేంజ్ మోడల్ 320 మైళ్ళంటే ఫ్రిస్కో నుంచి ఆస్టిన్ చేరేలోపు మధ్యలో ఆగాల్సిందే. చాలా చార్జింగ్ స్టేషన్లలో బండి ముక్కు లోపలికి పెట్టి నిలపాలి, అంటే పార్కింగ్ లాట్‌లో ట్రైలర్ విప్పి పక్కన పెట్టాలి. జూలై ఎండలో ఆ పని చేసే ఓపిక నాకు లేదు. గ్యాస్ బండితో అయితే దారిలో టెంపుల్ ఊళ్ళో బకీస్ గ్యాస్ స్టేషన్ దగ్గర ట్రైలర్‌తో సహా పంపు పక్కన ఆపి, బీవర్ నగ్గెట్స్ కొనుక్కుని వెళ్ళిపోవచ్చు.

బ్రేకుల గురించి చెప్పకుండా పోతే తప్పు. ఎక్స్‌పెడిషన్, ట్రైలర్ కలిపి 12,000 పౌండ్లు, అయిదున్నర టన్నులు. టెక్సస్‌లో 4,500 పౌండ్లు దాటిన ట్రైలర్‌కి బ్రేకులు ఉండాలని చట్టమే ఉంది. ఖాళీ పార్కింగ్ లాట్‌లో పాతిక మైళ్ళ వేగంతో వెళ్తూ, కాలితో బ్రేక్ వేయకుండా, కంట్రోలర్ మీద ట్రైలర్ బ్రేకులు మాత్రమే వేసే మీట నొక్కి చూడండి. ట్రైలర్ చక్రాలు బిగుసుకుపోకుండా బండిని గట్టిగా వెనక్కి పట్టినట్టు అనిపించాలి. స్వే మొదలైనా ఇదే మీట: స్టీరింగ్ కదపకుండా పట్టుకుని, యాక్సిలరేటర్ మెల్లగా వదిలి, దీన్ని నొక్కాలి. కాలితో గట్టిగా బ్రేక్ వేయకూడదు, స్పీడ్ పెంచనూ కూడదు.

ట్రాక్ పక్కనుంచి వెళ్ళే ఎస్‌హెచ్ 130 టోల్ రోడ్డు మీద బోర్డులు 80 అంటాయి, ఇంకా దక్షిణానికి పోతే 85. ట్రైలర్ టైర్లలో కొన్నిటికి 65 మైళ్ళే హద్దు. బోర్డు చూసి మోసపోకండి. అక్కడ టోల్ కూడా ఇరుసుల లెక్కన పడుతుంది, ట్రైలర్‌తో వెళ్తే మామూలు కారుకి మూడింతలు.

మొదటిసారి మొత్తం కట్టేశాక ట్రక్ స్టాప్‌లో క్యాట్ స్కేల్ మీదకి ఎక్కించండి, కొద్ది డాలర్లే. ముందు ఇరుసు, వెనక ఇరుసు, ట్రైలర్, మూడూ విడివిడిగా తూచి కాగితం ఇస్తుంది. మా బావమరిది ఆ కాగితం గ్లోవ్ బాక్స్‌లో పెట్టుకుని అందరికీ చూపిస్తున్నాడు.

కారుని ట్రైలర్‌కి ఎలా కట్టాలో, కార్వెట్ ముందు బంపర్ కింది పెదవి రాసుకోకుండా ర్యాంపులు ఎలా పెట్టాలో వచ్చే వీడియోలో చూపిస్తాను. ఈలోపు మీ స్పోర్ట్స్ కారు పేరు, ట్రైలర్ ఖాళీ బరువు, డోర్ స్టిక్కర్ మీద అంకె, ఎంతమంది ఎక్కుతారు, ఈ నాలుగూ కామెంట్‌లో పెట్టండి. కూర్చుని లెక్క వేసి జవాబిస్తాను. ఉంటానండి.